నేరంలో ఇద్దరు, తుపాకుల ముందు ఒక్కతే: ‘మారె నోస్ట్రమ్’ అనే మూకీ గూఢచారి చిత్రం

1926 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో విడుదలైన ‘మారె నోస్ట్రమ్’ కథను నాలుగు ముక్కల్లో చెప్పడం తేలిక. మొదటి ప్రపంచ యుద్ధపు రోజుల్లో స్పెయిన్‌కు చెందిన ఒక సరుకు ఓడ కెప్టెన్, జర్మన్ పక్షాన పనిచేస్తున్న గూఢచారిణి మోహంలో పడి జలాంతర్గామికి సాయం చేస్తాడు. ఆ జలాంతర్గాముల వేటలోనే అతని కన్నకొడుకు చనిపోతాడు. ఆమెను ఫ్రెంచి సైన్యం కాల్చి చంపుతుంది. అతడు పగ తీర్చుకొని సముద్రంలో కలిసిపోతాడు. ఇంతవరకే వింటే వగలాడి వలలో పడి చెడిన మగవాడి కథగా, అప్పటి మూకీల్లో కొల్లలుగా వచ్చిన సరుకులాగే తోస్తుంది. కాని సినిమాను కాస్త నిదానంగా చూసినవారికి లెక్క తేలని ప్రశ్నలు మిగులుతాయి. ఈ గూఢచారిణి దొంగిలించిన రహస్యం ఏమిటి? యుద్ధంలోనే లేని దేశపు మనిషిని కథానాయకుడిగా ఎందుకు ఎంచుకున్నారు? ఇద్దరూ కలిసి చేసిన పనికి ఆమెకు మరణశిక్ష, అతనికి వీరమరణం ఎలా దక్కాయి? యుద్ధం ముగిసి ఏడేళ్లు దాటాక, యూరప్ దేశాలు రాజీపడుతున్న వేళ ఈ కోపం తెర మీదికి ఎందుకు వచ్చింది?

చిత్ర దర్శకుడు రెక్స్ ఇంగ్రమ్. కథకు మూలం విసెంతె బ్లాస్కో ఇబానెజ్ 1918లో వెలువరించిన అదే పేరు గల స్పానిష్ నవల. రోమన్లు మధ్యధరా సముద్రాన్ని ‘మన సముద్రం’ అని పిలుచుకున్న లాటిన్ పేరే నవలకూ, సినిమాకూ, కథలోని ఓడకూ పేరైంది. కెప్టెన్ యులిసెస్ ఫెరగూట్ ఓడలనే నమ్ముకున్న కుటుంబంలో పుట్టినవాడు. ట్రైటన్ అని అందరూ పిలిచే చిన్నాన్న చిన్నతనంలో అతనికి సముద్రదేవత ఆంఫిట్రైటీ గురించి కథలు కథలుగా చెబుతాడు. పెద్దయ్యాక ఇంట్లో భార్యతో పొసగదు. ఎస్టెబాన్ అనే కొడుకు మీద మాత్రం ప్రాణం. ఓడ నడపడం గిట్టుబాటు కాక అమ్మేయాలనుకుంటున్న సమయానికి యుద్ధం మొదలై సరుకు రవాణాకు గిరాకీ పెరుగుతుంది, ఓడ అతని చేతిలోనే ఉండిపోతుంది. ఇటలీలో పాంపే శిథిలాల దగ్గర ఫ్రెయా టాల్‌బెర్గ్ అనే ఆస్ట్రియన్ యువతి, ఆమెకు తోడుగా ఉన్న డాక్టర్ ఫెడెల్మన్ అనే పెద్దావిడ పరిచయమవుతారు. తాను చిన్నప్పుడు బొమ్మలో చూసిన ఆంఫిట్రైటీ ముఖమే ఫ్రెయాలో కనిపించేసరికి యులిసెస్ వివేకం పోతుంది. అక్కడి నుంచి జరిగేదంతా ఆ తప్పటడుగు ఫలితమే.

మొదటి ప్రశ్నకు జవాబు వెతికితే మిగతా ముడులు చాలావరకు వదులవుతాయి. ఈ చిత్రంలో దొంగిలించిన పటాలు, రహస్య ఒప్పందాలు, సంకేత లిపిలో రాసిన లేఖలు కథను నడపవు. ఫ్రెయా యులిసెస్ నుంచి రాబట్టేది సమాచారం కాదు. అతని ఓడను, ఓడ నడిపే అతని నేర్పును. జర్మన్ పక్షానికి కావలసిందల్లా మధ్యధరా సముద్రంలో దిగిన జలాంతర్గామికి ఇంధనం అందించగల ఒక తటస్థ నావికుడు. గూఢచారి చిత్రమనగానే మనకు తలుపు సందులో చెవి పెట్టే మనిషి గుర్తొస్తాడు గాని, ఇక్కడ గూఢచర్యమంటే అసలు సరఫరా వ్యాపారం. ఈ చిత్రాన్ని తన కాలపు ఇతర వేగుల కథల కంటే వాస్తవానికి దగ్గరగా నిలిపింది ఈ ఒక్క అంశమేనని నా అభిప్రాయం.

దగ్గరగా అనడం ఊరికే అన్నమాట కాదు. 1915 ఏప్రిల్ చివర్లో ఒట్టో హెర్సింగ్ నాయకత్వంలో యూ-21 అనే జర్మన్ జలాంతర్గామి ఉత్తర సముద్రం నుంచి బయలుదేరి, జిబ్రాల్టర్ దాటి, ఆస్ట్రియా-హంగేరీ అధీనంలోని కటారో రేవు చేరాలని ప్రయత్నించింది. అంత దూరానికి అది మోసుకుపోగల ఇంధనం చాలదు. అందుకే స్పెయిన్ వాయవ్య తీరంలో, కొర్కుబియోన్ సమీపాన, మర్సాలా అనే ఆవిరి ఓడ దానికోసం ఎదురుచూసి నూనె అందించింది. తీరా ఎక్కించుకున్నాక ఆ నూనె తమ ఇంజన్లకు పనికిరాని రకమని తేలింది. వెనక్కి పోవడానికీ ఇంధనం లేక, ముందుకు పోవడానికీ సరిపడా లేక, హెర్సింగ్ చివరికి ముందుకే సాగి మే 13న కటారో చేరేటప్పటికి ట్యాంకుల్లో మిగిలింది 1.8 టన్నులు. అదే నెల చివర్లో ఆ జలాంతర్గామి టర్కీలోని గల్లిపోలి తీరాన రెండు రోజుల తేడాతో ట్రయంఫ్, మెజెస్టిక్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలను ముంచింది. తటస్థ దేశపు తీరంలో ఒక మామూలు ఓడ చేసిన గుట్టుచప్పుడు కాని పని ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. యులిసెస్ చేసినది కూడా ఆ జాతి పనే.

ఇక తటస్థత సంగతి. 1907 నాటి హేగ్ ఒప్పందాల ప్రకారం, పోరాడుతున్న దేశాలు తటస్థ దేశపు రేవులను, జలాలను యుద్ధ స్థావరాలుగా వాడుకోరాదు. కాగితం మీద నియమం స్పష్టంగానే ఉంది గాని, స్పెయిన్‌లో వాస్తవం అంత స్పష్టంగా లేదు. రాజు పదమూడో అల్ఫోన్సో దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచినా, సమాజం మిత్రరాజ్యాల అభిమానులుగా, జర్మనీ అభిమానులుగా రెండు శిబిరాలుగా చీలి పత్రికల్లోనూ కాఫీ హోటళ్లలోనూ వాదులాడుకుంది. 1916 జూన్‌లో యూ-35 అనే జలాంతర్గామి పట్టపగలే కార్టజినా రేవులోకి వచ్చి, జర్మన్ చక్రవర్తి కైజర్ రాసిన లేఖను అల్ఫోన్సోకు అందజేసి వెళ్లింది. మరోవైపు బిల్బావో వంటి రేవుల్లోని ఓడ యజమానులు సరుకు రవాణా కిరాయిల వల్ల కనీవినీ ఎరగని లాభాలు గడించారు, వారి ఓడలే టార్పెడోలకు గురయ్యాయి కూడా. అంటే తటస్థత అప్పటి స్పానిష్ నావికుడికి పవిత్రమైన నీతి కాదు. లాభమూ ప్రమాదమూ కలగలిసిన బేరం. యులిసెస్‌ను మొదట ఓడ అమ్మబోతున్నవాడిగా, తర్వాత యుద్ధం పుణ్యమా అని అమ్మకం మానుకున్నవాడిగా చూపడంలోని మర్మం ఇదే. ఫ్రెయాను కలవకముందే అతడు యుద్ధంతో లావాదేవీ పెట్టుకున్నాడు. సినిమా ఈ సంగతిని పెద్దగా సాగదీయదు, కాని దాచిపెట్టనూ లేదు.

పాంపేకు దగ్గరలోని నేపుల్స్ నగరాన్ని వేదికగా ఎంచుకోవడంలోనూ చరిత్ర లెక్క ఉంది. ఇటలీ 1915 మే నెల వరకు ఆస్ట్రియా-హంగేరీ మీద, 1916 ఆగస్టు వరకు జర్మనీ మీద యుద్ధం ప్రకటించలేదు. అంతవరకు జర్మన్లు, ఆస్ట్రియన్లు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు అందరూ అక్కడి హోటళ్లలో పక్కపక్క గదుల్లో బస చేయగలిగారు. శిథిలాలు చూడవచ్చిన యాత్రికురాలికీ వేగుకూ పైకి తేడా కనిపించని నగరమది. ఇంగ్రమ్ తన బృందాన్ని పాంపే, పేస్టం, నేపుల్స్, బార్సెలోనా, మార్సెయ్ వంటి చోట్లకు తీసుకెళ్లి చిత్రీకరించడం వల్ల ఈ విషయాన్ని మాటల అవసరం లేకుండా చూపగలిగాడు. ఛాయాగ్రాహకుడు జాన్ ఎఫ్. సైట్జ్ పేస్టంలోని గ్రీకు ఆలయ స్తంభాల నడుమ ఇద్దరినీ నిలబెట్టినప్పుడు అది ప్రేమ సన్నివేశమా, వల పన్నే సన్నివేశమా అని చూసేవాడికి తెలియదు. ఆ తెలియకపోవడమే గూఢచర్యానికి చక్కని నిర్వచనం.

చిత్రమంతటిలో ఎక్కువగా చర్చకు వచ్చే ఘట్టం అక్వేరియం దృశ్యం. గాజు గోడల వెనక ఆక్టోపస్ తన ఎరను చుట్టేస్తుంటే ఫ్రెయా ఆ హింసను తన్మయత్వంతో చూస్తుంది. ఆ ఉద్రేకంలోనే యులిసెస్‌ను ముద్దు పెట్టుకుంటుంది. ఆమె ముఖం మీద నీటి వెలుగు కదులుతుంటుంది, ఆ ముఖానికీ జంతువుకూ మధ్య కెమెరా అటూ ఇటూ మారుతుంటుంది. శబ్దం లేని మాధ్యమం కాబట్టే ఈ దృశ్యం ఇంత బలంగా వచ్చింది. మాటలు ఉండి ఉంటే ఎవరో ఒకరు ఉపమానాన్ని విప్పి చెప్పి చెడగొట్టేవారు. దీనికి తోడు, సినిమా చెప్పని ఒక విషయం ఈ దృశ్యాన్ని మరింత గట్టిపరుస్తుంది. నేపుల్స్ అక్వేరియం అక్కడి సముద్ర జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో భాగం. ఆ కేంద్రాన్ని 1872లో స్థాపించినవాడు ఆంటన్ డోర్న్ అనే జర్మన్ శాస్త్రవేత్త. అన్ని దేశాల పరిశోధకులూ ఒకే కప్పు కింద పనిచేసిన ఆ సంస్థ, ఇటలీ యుద్ధంలో దిగగానే డోర్న్ కుటుంబం చేతుల్లోంచి జారి ఇటలీ ప్రభుత్వం అధీనంలోకి పోయింది. జర్మన్ పక్షపు గూఢచారిణి తన ఎరను తీసుకొచ్చిన చోటు, చరిత్రలో జర్మన్ మంచితనానికి ఒక నమూనా. ఈ వైచిత్రి రచయితకు తెలిసే వాడుకున్నాడో, అనుకోకుండా కుదిరిందో గాని, తెలిసి చూసినవారికి దృశ్యం మరో రకంగా కనిపిస్తుంది.

కథ మలుపు తిరిగేది ఎస్టెబాన్ మరణంతో. తండ్రిని వెతుక్కుంటూ నేపుల్స్ వచ్చిన ఆ కుర్రవాడు, ఆయన జాడ తెలియక కాలిఫోర్నియన్ అనే ప్రయాణికుల ఓడలో తిరుగు ప్రయాణమై, టార్పెడో దాడిలో చనిపోతాడు. 1926 నాటి ప్రేక్షకుడికి ఈ సంఘటన ఎందుకంత మంట పుట్టించిందో ఇప్పటి పాఠకుడికి కాస్త వివరించాలి. సముద్ర యుద్ధంలో పాత మర్యాద ఒకటి ఉండేది: సరుకు ఓడను పట్టుకున్నప్పుడు ముందు దాన్ని ఆపి, సోదా చేసి, మనుషులను దించి, ఆ తర్వాతే ముంచాలి. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు నూనె ట్యాంకుల మీద గుండ్లు కురిపించి మన వాళ్లను హడలగొట్టిన ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక కూడా, బంగాళాఖాతంలో పట్టిన సరుకు ఓడల సిబ్బందిని ప్రాణాలతో పంపేసిందని పేరు తెచ్చుకుంది. జలాంతర్గామికి ఆ తీరిక లేదు. పైకి తేలితే చిన్న తుపాకీకి కూడా అది లోకువ. దానిలో అదనంగా మనుషులను ఎక్కించుకునే చోటు లేదు. యూ-35 వంటివి చాలా ఓడలను హెచ్చరించి ఫిరంగితోనే ముంచినా, హెచ్చరిక లేకుండా ప్రయాణికుల ఓడల మీద టార్పెడో వేసిన ఘటనలే లోకం గుర్తుపెట్టుకుంది.

అలాంటి ఘటనల్లో, 1915లో జర్మన్ టార్పెడోకు మునిగిన బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లుసిటేనియా సంగతి అందరికీ తెలుసు. మన దృష్టికి దగ్గరిది పర్షియా. లండన్ నుంచి మార్సెయ్ మీదుగా బొంబాయికి వస్తున్న ఆ ఓడను 1915 డిసెంబరు 30న క్రీట్ ద్వీపానికి దక్షిణాన యూ-38 ముంచింది. ఓడలోని 519 మందిలో 343 మంది చనిపోయారు. అదే ఓడలో వచ్చిన కపుర్తలా మహారాజా జగత్‌జీత్ సింగ్ అంతకుముందే మార్సెయ్‌లో దిగిపోవడంతో బతికిపోయాడు. స్పెయిన్ గుండెకు తగిలిన దెబ్బ మాత్రం 1916 మార్చిలో ఇంగ్లిష్ చానెల్‌లో ససెక్స్ అనే ఓడ మీద పడిన టార్పెడో. న్యూయార్క్‌లో తన ఆపెరా ప్రదర్శన ముగించుకొని ఇంటికి వస్తున్న సంగీతకర్త ఎన్రికె గ్రనడోస్, ఆయన భార్య అంపారో అందులో ప్రాణాలు కోల్పోయారు. ఆయన పడవ చేరినా, నీటిలో కొట్టుకుంటున్న భార్యను చూసి మళ్లీ దూకాడని చెబుతారు. తటస్థ దేశపు అమాయకుడు, ఇంటికి పోతూ పోతూ, తనకు సంబంధం లేని యుద్ధానికి బలి కావడం అనే ఊహ స్పానిష్ పాఠకుడికి 1918 నాటికి ఊహ కాదు. ఎస్టెబాన్ పాత్రకు పునాది అక్కడుంది.

బ్లాస్కో ఇబానెజ్ ఆ పునాది మీద రాసింది నవల మాత్రమే కాదు, పక్షం వహించిన రచన కూడా. వలెన్సియాలో పుట్టిన ఈ గణతంత్రవాది యుద్ధకాలమంతా పారిస్‌లో ఉండి మిత్రరాజ్యాల కొమ్ము కాశాడు. 1916లో వెలువడిన అతని ‘అపోకలిప్స్ నాలుగు గుర్రపు రౌతులు’ నవల అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. దాన్నే ఇంగ్రమ్ 1921లో తెరకెక్కించి తానూ పేరు తెచ్చుకొని, రుడాల్ఫ్ వాలెంటినోను తారను చేశాడు. తటస్థత పేరుతో కళ్లు మూసుకున్న స్పెయిన్‌ను కదిలించడం ‘మారె నోస్ట్రమ్’ నవల ఉద్దేశాల్లో ఒకటి. అందుకే నవల వాదన ముక్కుసూటిగా సాగుతుంది: ఎవరి పక్షమూ కాదనుకుంటూ శత్రువుకు నూనె పోసినవాడు, ఆ నూనెతోనే తన కొడుకును తగలబెట్టుకున్నాడు. అంతవరకు బాగుంది. ఆ వాదన తిరిగి తిరిగి యులిసెస్ మెడకే చుట్టుకోవాలి. కాని కథ అంతటితో ఆగక ఫ్రెయా వైపు తిరుగుతుంది, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఫ్రెయా వెనక మాతా హరి నీడ ఉంది. మార్గరెతా జెల్లె అనే అసలు పేరు గల ఆ డచ్చి నర్తకిని పారిస్‌లో 1917 ఫిబ్రవరి 13న జర్మన్ గూఢచారిణి అన్న ఆరోపణపై అరెస్టు చేశారు. జూలైలో మూసిన తలుపుల వెనక సైనిక న్యాయస్థానం విచారించింది. అక్టోబరు 15 తెల్లవారుజామున పారిస్ శివార్లలోని వాన్సెన్‌లో కాల్చి చంపారు. నవల వెలువడే నాటికి ఆ వార్త ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె నేరానికి ముఖ్యమైన ఆధారం, మాడ్రిడ్‌లోని జర్మన్ సైనిక ప్రతినిధి ఆర్నాల్డ్ కాలె ‘హెచ్-21’ అనే వేగు గురించి బెర్లిన్‌కు పంపిన రేడియో సందేశాలు. వాటిని ఈఫిల్ టవర్ కేంద్రం పట్టుకొని విప్పింది. అయితే ఆ సంకేత లిపి ఫ్రెంచివారికి తెలిసిపోయిందని జర్మన్లకు ముందే తెలుసుననీ, పనికిరాని వేగును వదిలించుకోవడానికే అలా పంపారనీ ఒక బలమైన వాదన ఉంది. ఆమె వల్ల ఫ్రాన్స్‌కు జరిగిందని చెప్పిన నష్టం చాలావరకు పెంచి చెప్పినదేనన్నది ఇప్పటి చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట.

ఇప్పుడు సినిమాలో ఫ్రెయా ఎలా పట్టుబడుతుందో చూడండి. కొడుకు చావు తర్వాత ఆమె మనసు మెత్తబడుతోందని, యులిసెస్ మీద ఆమెకున్నది నిజమైన ప్రేమేనని డాక్టర్ ఫెడెల్మన్ పసిగడుతుంది. ఆపైన సొంతవాళ్లే ఆమెను ఫ్రెంచివారికి చిక్కేలా పంపుతారు. బార్సెలోనాలో ఆమె యులిసెస్ దగ్గరకొచ్చి తనను కాపాడమని వేడుకుంటుంది. అతను ఒక క్షణం తడబడి, చనిపోయిన కొడుకు రూపం కళ్ల ముందు కదలడంతో కాదంటాడు. అంటే ఈ స్త్రీని ఇద్దరు వదిలేశారు: వాడుకున్న పక్షమూ, ప్రేమించిన మనిషీ. మిత్రరాజ్యాల ప్రచారం కోసం పుట్టిన కథలో ఇంత సానుభూతి శత్రువు గూఢచారిణికి దక్కడం ఆశ్చర్యమే. ఆ సానుభూతి చాలామట్టుకు ఇంగ్రమ్‌దీ, ఫ్రెయాగా నటించిన అతని భార్య ఆలిస్ టెర్రీదీ అని నేననుకుంటాను. అన్నట్టు, టెర్రీ పుట్టింది అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, వాన్సెన్ పేరునే ఇంగ్లిషు ఉచ్చారణలో ‘విన్సెన్స్’ అని పిలుచుకునే ఊళ్లో. అది వట్టి కాకతాళీయమే.

మరణశిక్ష ఘట్టాన్ని ఇంగ్రమ్ తొందరపడకుండా నడిపాడు. తెల్లవారే వెలుతురు, బారులు తీరిన సైనికులు, ఆ వరుసల ముందు నుంచి ఒక ఒంటరి స్త్రీ నడక. చూసేవాడు ఆమె నేరం మరచిపోయేంత సేపు ఆ నడక సాగుతుంది. శిల్పవిద్య చదివిన దర్శకుడు కనుక మనుషులను బొమ్మల్లా నిలబెట్టి, వెలుగును చెక్కినట్టు వాడటం అతని అలవాటు. అదే అలవాటు ఇతర చిత్రాల్లో బిగుసుకుపోయినట్టు అనిపించినా ఇక్కడ సరిగ్గా కుదిరింది. సైనిక లాంఛనం కూడా ఒక శిల్పమే కదా. మాటలను తెర మీద రాసి చూపే టైటిల్ కార్డులు ఇక్కడ దాదాపు తప్పుకుంటాయి. జర్మన్లు 1915లో బ్రస్సెల్స్‌లో ఆంగ్ల నర్సు ఎడిత్ కావెల్‌ను కాల్చి చంపినప్పుడు మిత్రరాజ్యాలు దాన్ని శత్రువు రాక్షసత్వానికి గుర్తుగా ప్రపంచమంతా చాటాయి. రెండేళ్లకు ఫ్రాన్స్ కూడా ఒక స్త్రీని అదే విధంగా కాల్చింది. కావెల్ చేసింది సైనికులను తప్పించడం, ఈమెపై మోపింది గూఢచర్యం. రెండూ ఒకటి కావు. అయినా తుపాకుల వరుస ముందు నిలబడ్డ ఆడమనిషి దృశ్యం ఒక్కటే. ఇంగ్రమ్ ఆ దృశ్యంలో వ్యాఖ్యానం చేయడు, ఫ్రెంచి సైనికులను చెడ్డవాళ్లుగానూ చూపడు. కాని ప్రేక్షకుడు ఎవరి పక్కన నిలబడాలో కెమెరా నిర్ణయించేసింది.

ఆ తర్వాత యులిసెస్ ముగింపు వస్తుంది. ఓడకు ఫిరంగి అమర్చి మిత్రరాజ్యాల సేవలో తిరుగుతున్న అతని ‘మారె నోస్ట్రమ్’ మీద టార్పెడో పడుతుంది. మునిగిపోతూ కూడా అతడే ఫిరంగి పేల్చి ఆ జలాంతర్గామిని ముంచుతాడు. నీటి అడుగుకు జారిపోతున్న అతన్ని ఆంఫిట్రైటీ రూపంలో ఉన్న ఫ్రెయా చేతులు చాచి హత్తుకుంటుంది. దేవత పాత్ర కూడా టెర్రీదే. ఈ కలయికను చాలామంది మోక్షంగా చదివారు. నాకు మాత్రం అది లెక్కను ఎగ్గొట్టడంగా కనిపిస్తుంది. ఓడ అతనిది, నూనె మోసింది అతను, తటస్థ పౌరుడై ఉండీ తటస్థతను తుంగలో తొక్కింది అతను. ఫ్రెయా తన పక్షం కోసం తన పని చేసింది. యుద్ధ న్యాయం ఆమెను కాల్చింది, అతన్ని ఎవరూ విచారణకైనా పిలవలేదు. చివరకు చనిపోయిన ఆమే దేవతై వచ్చి అతన్ని క్షమించవలసి వచ్చింది. నవలలోని రాజకీయ వాదన తటస్థుడిని ముద్దాయిని చేస్తే, సినిమాలోని పురాణకథ అతన్ని విడుదల చేసింది. ఈ రెండూ ఒకే సినిమాలో ఇమడలేక ఘర్షణ పడుతుంటాయి, ఆ ఘర్షణ వల్లనే ఇది ఇప్పటికీ చూడదగినదిగా మిగిలింది.

చూడదగినదంటే లోపాలు లేవని కాదు. నిజమైన రేవులు, నిజమైన శిథిలాలు కళ్లను అంతగా నమ్మించాక, జలాంతర్గామిని బొమ్మ నమూనాతో చూపిన దృశ్యాలు తేలిపోతాయి. ఆ రంగంలో జర్మన్లే ముందున్నారు: యూ-35 మధ్యధరాలో ఓడలను ముంచుతుండగా దాని మీద నుంచే తీసిన చిత్రాన్ని యుద్ధం నడుస్తుండగానే 1917లో ప్రచారం కోసం ప్రదర్శించారు. అసలు దృశ్యం ఉన్నది శత్రువు దగ్గర, నమూనా ఉన్నది హాలీవుడ్ డబ్బుతో తీసిన సినిమాలో. ట్రైటన్ చిన్నాన్న ఘట్టం మరీ నాటకీయంగా ఉండి, అసలు కథ కోసం కాసేపు ఓపిక పట్టాల్సి వస్తుంది.

ఇక విడుదల సమయం గురించి. ‘బెన్-హర్’ దర్శకత్వం తనకు దక్కనందుకు మనసు విరిగి, స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ పెత్తనం గిట్టక, ఇంగ్రమ్ హాలీవుడ్ విడిచి ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో విక్టోరీన్ స్టూడియోలో మకాం పెట్టాడు. తన చిత్రాల మీద సంస్థ పేరులోంచి మేయర్ పేరును తీసేయించి ‘మెట్రో-గోల్డ్విన్’ అని మాత్రమే వేయించుకున్నంత పట్టుదల అతనిది. అలా నీస్‌లో తయారైన మొదటి చిత్రం ఇది. అది తెరకెక్కే నాటికి బయటి లోకం మారిపోయింది. 1925 అక్టోబరులో జర్మనీ తన పాత శత్రువులతో రాజీపడిన లొకార్నో ఒప్పందాలు కుదిరాయి. చిత్రం విడుదలైన కొన్ని నెలలకే, 1926 సెప్టెంబరులో, జర్మనీ నానాజాతి సమితిలో చేరింది. వ్యాపారం వైపు చూస్తే, 1925 డిసెంబరులోనే పారామౌంట్, మెట్రో-గోల్డ్విన్-మేయర్ సంస్థలు కష్టాల్లో ఉన్న జర్మన్ సంస్థ ఉఫాకు అప్పిచ్చి, అక్కడి సినిమా హాళ్లలో తమ చిత్రాలకు చోటు సంపాదించుకున్నాయి. ఒక చేత్తో జర్మన్ మార్కెట్‌ను అందుకుంటున్న సంస్థే మరో చేత్తో జర్మన్ జలాంతర్గాముల దుర్మార్గాన్ని ప్రదర్శించింది. జర్మనీలో నిరసన రావడంలో వింత లేదు. రెండేళ్ల తర్వాత కావెల్ కథతో బ్రిటన్‌లో తీసిన ‘డాన్’ చిత్రానికి, జర్మనీతో సంబంధాలు చెడతాయన్న బెంగతో విదేశాంగ మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ అభ్యంతరం చెప్పడం, సెన్సార్ బోర్డు అనుమతి నిరాకరించడం చూస్తే, యుద్ధపు కథలు తీయడం ఆ దశాబ్దం చివరికి ఎంత ఇబ్బందికరమైన పనైపోయిందో అర్థమవుతుంది.

తర్వాత ‘మారె నోస్ట్రమ్’ చాలాకాలం పోయిందనే అనుకున్నారు. ఆపైన చిత్రం ప్రతి ఒకటి దొరికి పునరుద్ధరణ జరిగింది. అయితే దాని ప్రభావం మాత్రం మధ్యలో ఎక్కడా తెగిపోలేదు. 1925లో నీస్ స్టూడియోలో ఈ చిత్రం పనుల్లోకి ఒక ఇరవై ఏళ్ల ఆంగ్లేయ కుర్రవాడు చేరి, ఊడ్వడం దగ్గర నుంచి చెప్పిన పనల్లా చేశాడు. అతని పేరు మైకేల్ పావెల్. సినిమాల్లో అతని మొదటి కొలువు అదే. పద్నాలుగేళ్ల తర్వాత, 1939 ఆగస్టులో, రెండో యుద్ధం మొదలవడానికి కొద్ది వారాల ముందు, అతని దర్శకత్వంలో ‘ది స్పై ఇన్ బ్లాక్’ విడుదలైంది. అందులోనూ మొదటి ప్రపంచ యుద్ధమే, జలాంతర్గామే, గూఢచర్యమే. కాని కథానాయకుడు జర్మన్ జలాంతర్గామి కెప్టెన్ హార్ట్, పాత్రధారి కాన్రాడ్ ఫైట్. హార్ట్ ఒక ప్రయాణికుల పడవను చేజిక్కించుకొని తప్పించుకు పారిపోతుంటే, తాను నడిపిన జలాంతర్గామే అది శత్రువు ఓడనుకొని దాని మీద టార్పెడో వేస్తుంది. ఈసారి నీటి అడుగున అతన్ని హత్తుకోవడానికి ఏ దేవతా రాదు.